కపిల తోలు వాసరు

చిన్న మొదలాళి వచ్చి కొట్టు ముందు జీపు ఆపేసరికి పెరియసామి ఒక పెట్రోమాక్స్ లైటు కడుపు విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

రాజపాళయం పాత బస్టాండు వెనక సందు మలుపులో ఉంది ఆ కొట్టు. స్టవ్వులు, లైట్లు, సైకిలు పంపులు, మందు చల్లే డబ్బాలు. గాలి కొట్టి పనిచేసే వస్తువు ఏదైనా సరే, గాలి పోతే ఆ సందుకే రావాలి. పెరియసామి కుడి కన్ను ఉండాల్సిన చోట గుంట, దాని మీద నల్లగుడ్డ. ఎట్లా పోయిందని ఎవరైనా అడిగితే పెట్రోమాక్స్ పేలిందని చెప్పేవాడు. నిజం చెప్పి చెప్పి, ఒక్కడూ నమ్మక, చివరికి ఆ అబద్ధంలో స్థిరపడ్డాడు.

నిజం ఇది. అతను చోళపురం రూట్లో బస్సు డ్రైవరు. బస్సులు రామసుబ్రహ్మణ్య రాజావి. ఊళ్ళో అందరికీ ఆయన పెద్ద మొదలాళి, అంటే పెద్ద యజమాని. కొన్నేళ్ళ కిందట ఎండాకాలంలో ఒక మిట్టమధ్యాహ్నం, మామిడి తోట మలుపు తిరుగుతుండగా, కుడివైపు కిటికీలోంచి ఏదో వచ్చి కంటిని చితక్కొట్టింది. బస్సు కాలువలోకి ఒరిగింది. ముసలావిడ ఒకామె చెయ్యి విరిగింది. స్టీరింగు మీదకు వాలిపోతూ పెరియసామి తోట గోడ అవతల నుంచి ఒక మాట విన్నాడు. ఒకే ఒక్క మాట. దాని వెనకాలే నవ్వు.

"రాలె."

మదురైలో డాక్టరు కన్ను తీసేశాడు. లోపల ఏమీ దొరకలేదు. చక్రం కింది రాయి ఎగిరి తగిలిందన్నారు. ఎవరో కొట్టారని పెరియసామి అంటే ఇన్‌స్పెక్టరు నవ్వాడు. డ్రైవరు దగ్గర సారాయి వాసన వచ్చిందని ఎవరో చెప్పారట. మద్యనిషేధం రోజులు. తాగుబోతు డ్రైవరు అని రాశారు, లైసెన్సు పోయింది, పెద్ద మొదలాళి మొహం కూడా చూడకుండా పనిలోంచి తీసేశాడు. జీవితంలో కల్లు చుక్క నోట్లో పోసుకోని మనిషి ఊరి నోట్లో తాగుబోతు అయ్యాడు.

ఆనాటి నుంచి పెరియసామి ఆ గొంతు కోసం చెవులు తెరుచుకునే ఉన్నాడు. మనుషుల మొహాలు చూడటం మానేసి మాటలు వింటున్నాడు.

జీపులోంచి దిగినవాడు పెద్ద మొదలాళి తమ్ముడు, బాలగోపాల రాజా. వెనకాలే తోట కావలి సంగిలి, చేతుల్లో పొడుగాటి ఏర్‌గన్. చిన్న మొదలాళి ఎప్పుడూ తోటలోనో మిల్లులోనో ఉండే మనిషి. బస్సుల జోలికి రాడు. పెరియసామి అతన్ని దూరం నుంచి చూడటమే తప్ప మాట్లాడటం వినలేదు.

"ఏమ్పా, గాలి మేస్త్రి నువ్వేనా?"

"పోయే గాలిని ఆపుతా మొదలాళి. పోయిన గాలిని తిరిగి తెచ్చేది నా చేత కాదు."

"నోరుంది నీకు." బాలగోపాల రాజా సంగిలి చేతిలోంచి ఏర్‌గన్ తీసుకున్నాడు. "దీని లోపల వాసరు పోయినాది. మదురైలో అడిగితే సీమ సరుకు ఇంగ రాదంటుండారు. మదరాసులోనూ అదే మాట. కాయ మీద చిలకలు పడుండాయి. తొందరగా కావల్ల."

"దెబ్బ ఎట్ల ఉండాదో చూడల్ల గదా."

చిన్న మొదలాళి తుపాకిని నడుం దగ్గర విరిచి, సీసపు రవ్వ ఒకటి పెట్టి, మూసి, కరెంటు తీగ మీది కాకికి గురి పెట్టాడు. బుస్సుమంది. రవ్వ పోయి కాకి వీపుకు తగిలింది. కాకి తల తిప్పి, ఎవరు పిలిచారన్నట్టు చూసి, రెక్క సర్దుకుని అక్కడే కూర్చుంది.

సంగిలి నవ్వు ఆపుకోలేకపోయాడు. "మొదలాళి, అది వీపు గోకమని ఇంగొకసారి అడుగుతాది."

"మూయిరా." బాలగోపాల రాజా మొహం ఎర్రబడింది. మనిషి పెరియసామి వైపు తిరిగాడు, ఈ కొత్తవాడి ముందు పరువు నిలబెట్టుకోవాలన్నట్టు. "దీని దెబ్బ మున్ను చూడల్ల నువ్వు. కాయను కొట్టను. కాడను కొడతా. కాయకు గీత పడదు. ఇట్ల పెడతా, ఇట్ల నొక్కుతా..." గాల్లో వేలు నొక్కాడు. "రాలె."

మాట చివర చిన్న నవ్వు.

పెరియసామి చేతిలోని పిన్ను పెట్రోమాక్స్ రంధ్రంలో సగం దిగి ఆగిపోయింది. అతను దాన్ని నెమ్మదిగా పూర్తిగా దింపి, బయటికి లాగి, పంచె అంచుకు తుడిచాడు.

"మా పక్క ఆ మాట వినలే మొదలాళి," అన్నాడు. "మాది చోళపురం. పత్తి, వరి చేసేవాళ్ళం. ఏది కింద పడినా పడె అనే అంటాం."

"తోటలోనూ పడె అనే. చెట్టెక్కి కోసేవాళ్ళు పడె అంటారు. ఏర్‌గన్‌తో కొట్టేది నేనొక్కణ్ణే గదా. కింద గోనె పట్టుకున్నోళ్ళకు తేడా తెలియాలని నేను రాలె అంటా. అది నా మాట. ఊర్లో ఇంగెవడూ అనడు."

"అవునవును," అన్నాడు సంగిలి, "మేము అంటే తంతాడు."

పెరియసామి తుపాకి తీసుకుని, గొట్టం మీద బొటనవేలు పెట్టి రాశాడు. చల్లగా ఉంది. ఇన్నేళ్ళుగా వెతుకుతున్న మనిషి తన కాళ్ళతో నడిచి వచ్చి, తన తుపాకి తన చేతిలో పెట్టి, బాగుచేసి ఇమ్మంటున్నాడు.

"పెట్టి పోండి మొదలాళి. దీనికి సరైన వాసరు నేను కనుక్కుంటా."

"కంటికేమైనాది నీకు?"

"పెట్రోమాక్స్ పేలినాది."

"అయ్యో. జాగర్త," అన్నాడు బాలగోపాల రాజా. నిజంగానే జాలిగా అన్నాడు. జీపెక్కి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం పెరియసామి పెళ్ళాం రంగమ్మాళ్ మగ్గం దిగి ఇంటికి వచ్చేసరికి ఏర్‌గన్ నట్టింట్లో చాప మీద పడుకుని ఉంది. ఆమె ఆసుపత్రి కట్లగుడ్డ నేసే చోట పనిచేస్తుంది. నోటికి అదుపు తక్కువ, మనసులో మరుపు తక్కువ. మొగుడు చెప్పిందంతా నిలబడే విన్నది.

"ఆ మాటేనా? గొంతు తెలిసినాదా?"

"మాట ఆయనదే. గొంతు ఆయనదే. నవ్వు కూడా."

"నీ కంటికి కట్టిన గుడ్డ నేను నేసినది మామా. చీము పట్టి తీసి పారేస్తుంటే నా చేతి పోగు నేను గుర్తుపడితి." ఆమె తుపాకిని కాలి బొటనవేలితో తోసి చూసింది. "సరి. ఎప్పుడు?"

పెరియసామికి నవ్వొచ్చింది. పోలీసు, జైలు, పిల్లాజెల్లా అని ఏదో అంటుందనుకున్నాడు. "వాసరు దొరికినాక."

"ఏంటికి? కొడవలి ఉండాది ఇంట్లో."

"కొడవలి పట్టుకుంటే రౌడీ పని. ఇదే ఏర్‌గన్ కావల్ల. ఆ తోటే కావల్ల. కుడి కన్నే కావల్ల. ఇప్పుడు కొడితే దోమ కుట్టినట్టు గీరుకుంటాడు. కాకిని చూసినా గదా. ఆనాడు దీంట్లో ఎంత దమ్ము ఉండెనో అంత దమ్ము తిరిగి రావల్ల."

"అయితే వెతుకు," అని రంగమ్మాళ్ పొయ్యి దగ్గరికి వెళ్ళింది. "సగం దమ్ముతో మాత్రం పోవద్దు."

మర్నాడు తుపాకి విప్పాడు. లోపల బలమైన స్ప్రింగు, దాని ముందు ఇనప ముషలి, అదే పిస్టను. ముషలి మొహానికి తోలు గిన్నెలాంటి వాసరు మరతో బిగించి ఉండాలి. ఉండాల్సిన చోట ఎండిన అప్పడం ముక్కలాంటిదేదో పొడి పొడిగా రాలింది. స్ప్రింగు ముషలిని ముందుకు తంతే ఆ తోలు గిన్నె అంచులు విచ్చుకుని గొట్టం గోడకు అతుక్కోవాలి, లోపలి గాలిని ఎటూ పోనివ్వకుండా రవ్వ వెనక్కి నెట్టాలి. తుపాకి అంతా ఆ తోలులోనే ఉంది. మిగతాదంతా ఇనుము.

సైకిలు పంపు వాసరు పెట్టి చూశాడు. బావిలో బొత్తంలా తిరిగింది. పెట్రోమాక్స్‌ది ఇంకా చిన్నది. తళవాయిపురంలో ఆయిల్ ఇంజిన్లు చూసే చెల్లప్ప దగ్గర ఒక పంపు వాసరు దొరికింది. వెడల్పు సరిపోయింది కానీ మందం. ముషలి మధ్యలో ఇరుక్కుని, ముందుకూ పోక వెనక్కీ రాక, దాన్ని ఊడబెరికేసరికి ఒక పూట పట్టింది.

"ఏం వేటకు పోతుండావు అన్నా, ఈ పాటు పడుతుండావు?" అన్నాడు చెల్లప్ప.

"ఒక్కటే. ఒక్క వేట."

ఆ తర్వాత మిల్లులో పనిచేసే మునియసామి రోలరు తోలు తెచ్చి ఇచ్చాడు. దారం లాగే రోలర్లకు తొడిగే మేక తోలు, పసిబిడ్డ చెంపలా నున్నగా ఉంది. పెరియసామి దాన్ని గిన్నెగా ఒత్తి, బిగించి, పెరటి గోడకు గురిపెట్టి కొట్టాడు. మొదటి దెబ్బ బ్రహ్మాండం. రెండో దెబ్బకు తోలు అడ్డంగా చీలిపోయింది. దారాన్ని నొప్పి లేకుండా నడపడానికి పుట్టిన తోలు, స్ప్రింగు తన్ను దానికేం తెలుసు.

మధ్యమధ్యలో సంగిలి వచ్చి కొట్టు ముందు చతికిలబడేవాడు.

"మొదలాళి అరుస్తుండాడు అన్నాచ్చి. చిలకలు సగం తోట తినె. నన్ను చెట్టుకింద నిలబెట్టి చప్పట్లు కొట్టమంటుండాడు. చేతులు చూడు, ఎట్ల వాచినాయో."

"ఉత్త వాసరు వేసి ఇస్తే రెండు దెబ్బలకు పోతాది. మీ మొదలాళికి సరైనది వెయ్యల్ల అన్నాచ్చి. జీవితకాలం గుర్తుండేది."

"నీ పనితనం పాడుగాను. త్వరగా చెయ్యి."

సరైనది ఎక్కడ ఉందో అతనికి బస్సులో తట్టింది. అమ్మను చూడటానికి చోళపురం పోతున్నాడు. ఒకప్పుడు తను నడిపిన బస్సే, ఇప్పుడు వెనక సీట్లో కూర్చుని. కిటికీలోంచి చూస్తే బావుల మీద ఎద్దులు లేవు. కపిల తోలిన వాలు దారుల్లో గడ్డి మొలిచింది. కరెంటు మోటార్లు వచ్చాక ఎద్దులతో నీళ్ళు తోడే ఆ పెద్ద తోలు సంచులు అటకల మీదికి, గోడ వారకు చేరాయి. దున్నపోతు తోలు. ఏళ్ళ తరబడి పొద్దస్తమానం నీళ్ళలో మునిగి, ఎండలో తేలి, ఆముదం తాగి తాగి, ఉబ్బడం మరిచిపోయింది, కుంచించుకుపోవడం మరిచిపోయింది.

పెరియసామి నవ్వుకున్నాడు. ఊరూరూ తిరిగి వెతికిన తోలు తన ఇంట్లోనే ఉంది.

అమ్మ అఖిలాండం ఆ కపిల సంచిని కోళ్ళగూటి మీద వాన పడకుండా కప్పి పెట్టింది.

"ఒక్క ముక్క కొయ్యల్ల అమ్మా. అరచెయ్యంత."

"మీ నాయన దీన్ని బిడ్డకంటే బాగా చూసుకునె. ఏటా ఆముదం పూసి, నీడలో ఆరబెట్టి... నీకు ఒకనాడన్నా ఇట్ల నూనె పూసినాడా? నువ్వు బస్సెక్కి పీ పీ అని ఊదుకుంటా పోతివి. ఇప్పుడు ముక్క కావల్లనా?"

"పెద్దింటి పని అమ్మా. మామిడితోట చిన్న మొదలాళి ఏర్‌గన్‌కు."

అఖిలాండం మొహం మారిపోయింది. గౌరవంగా కొంగు సర్దుకుంది. పాపం, కొడుకు కన్ను పోయింది రాయి తగలడం వల్లేనని ఆమె ఇప్పటికీ నమ్ముతోంది. "అట్ల చెప్పల్ల గదరా. అంచున కొయ్యద్దు, అక్కడ పిగిలినాది. నీళ్ళు పోసే తొండం పక్కన కొయ్యి, అక్కడ గట్టి." తనే కత్తి తెచ్చి, గుండ్రంగా కోసి, కోడి రెట్ట కొంగుతో తుడిచి చేతిలో పెట్టింది. "మంచిగా చేసి ఇవ్వు. మన పేరు చెప్పుకోవల్ల వాళ్ళు."

"చెప్పుకుంటారు అమ్మా," అన్నాడు పెరియసామి.

తోలును నానబెట్టాడు. ఇనప గొట్టం ముక్కలో పెట్టి, వేపకర్ర బిరడాతో గిన్నెలా ఒత్తి, తాడుతో బిగించి నీడలో వదిలేశాడు. ఆరాక అంచును క్షవరం బ్లేడుతో జానెడు జానెడుగా కాదు, వెంట్రుక వెంట్రుకగా చెక్కాడు. గోరువెచ్చటి ఆముదంలో ముంచి, తుడిచి, మళ్ళీ ముంచాడు. ముషలికి బిగించి గొట్టంలోకి తోస్తే, తృప్తిగా తిన్న మనిషి నిట్టూర్చినట్టు చప్పుడైంది. రంధ్రానికి బొటనవేలు అడ్డం పెట్టి తోశాడు. ముషలి కదలలేదు. లోపల గాలి రాయిలా నిలబడింది.

పెరట్లో కిరసనాయిలు డబ్బాకు గురిపెట్టాడు. కుడి కన్ను లేదు కాబట్టి తుపాకిని ఎడమ భుజానికి ఆనించడం కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది. కానీ ఒక సుఖం ఉంది. గురి చూసేటప్పుడు అందరూ ఒక కన్ను మూసుకోవాలి. అతనికి ఆ పని చిన్న మొదలాళి ఎప్పుడో చేసిపెట్టాడు.

ఠప్పున కొట్టింది. రవ్వ డబ్బా రేకును చీల్చుకుని పోయి అవతలి రేకును పొక్కులా ఉబ్బించింది. రంగమ్మాళ్ వెళ్ళి ఆ పొక్కును వేలితో తడిమి చూసింది.

"ఇది చాలు," అంది.

ఆ తర్వాత గోడ మీద వంకాయలు పేర్చి, ఎడమ భుజం కమిలిపోయేదాకా కొట్టాడు. తొడిమను కొట్టేదాకా వదల్లేదు. పెళ్ళాం నోరెత్తకుండా ఆ వంకాయలే కూర వండింది. పళ్ళకింద సీసం తగిలితే ఇద్దరూ తీసి పక్కన పెట్టారు.

ఏర్‌గన్ గోనెలో చుట్టుకుని పెరియసామి తోటకు వెళ్ళింది కాయ కోస్తున్న రోజు, పొద్దున. చెట్లకింద గోనెలు, తట్టలు, కూలీలు. నులక మంచం మీద తెల్లటి చొక్కా, వెండిపొన్ను చేతికర్రతో ఒక పెద్దాయన. పెద్ద మొదలాళి. ఆయన అక్కడ ఉంటాడని పెరియసామి అనుకోలేదు. ఉండనీ, ఇంకా మంచిదే అనుకున్నాడు.

"నువ్వు నా బస్సును కాలువలో దొబ్బినోడివి గదా?" అన్నాడు రామసుబ్రహ్మణ్య రాజా.

"అవును మొదలాళి."

గోనె మూట కోసం చాచిన చిన్న మొదలాళి చెయ్యి గాల్లోనే ఆగింది. "బస్సు డ్రైవరా?" అన్నాడు. "పెట్రోమాక్స్ అంటివే."

"అది ఊర్లోవాళ్ళకు చెప్పేది." పెరియసామి గోనె విప్పాడు. "వాసరు దొరికినాది మొదలాళి. ఎవరు వేసినారో వాళ్ళే మొదటి దెబ్బ కొట్టల్ల. కొత్త వాసరు చేతికి అలవాటు పడేది అట్ల."

వద్దనడానికి బాలగోపాల రాజాకు కారణం దొరకలేదు. అన్న చూస్తున్నాడు, కూలీలు చూస్తున్నారు. వెనక్కి జరిగి చెట్టు బోదెకు ఆనుకున్నాడు. "ఆ గుత్తిలో కింది కాయ. కాడ కొట్టు చూద్దాం."

పెరియసామి తుపాకి విరిచాడు, రవ్వ పెట్టాడు, మూశాడు, ఎడమ భుజానికి ఆనించాడు. గొట్టం కొస కాడ మీద నిలిచింది. తర్వాత, కొమ్మ దిగే తేనెటీగలా, కాయ మీదుగా, ఆకుల మీదుగా దిగి వచ్చి చిన్న మొదలాళి కుడి కన్ను మీద ఆగింది. బస్సు స్టీరింగుకూ తోట గోడకూ మధ్య ఎంత దూరమో, ఇదీ అంతే దూరం.

"ఇప్పుడు చెప్పండి మొదలాళి. కాయను కొట్టినప్పుడు మీరు చెప్పే మాట."

"తమాషా చేస్తుండావా? దించు."

"చెప్పండి. ఒక్క మాటే గదా."

పెద్ద మొదలాళి లేచి నిలబడ్డాడు. "ఏయ్. తుపాకి దించు."

"దించను మొదలాళి. ఆనాడు మీ బస్సు ఈ గోడ పక్కన పోతుంటే నా కంట్లో దెబ్బ పడె. ఈ గోడ వెనక నుంచి ఒకరు రాలె అని నవ్విరి. ఈ తోటలో ఆ మాట ఎవరిది? మీ కూలీలను అడగండి. వద్దు, మీ తమ్ముణ్ణే అడగండి."

చెట్టు మీదున్నవాడు కొమ్మను వాటేసుకుని కదలకుండా ఉండిపోయాడు. చిన్న మొదలాళి పెదవులు ఆడాయి.

"అన్నా, ఉడత... గోడ మీద ఉడత పోతుంటే దాన్ని..."

పెద్ద మొదలాళి తమ్ముణ్ణి చూడలేదు, కావలివాణ్ణి చూశాడు. "సంగిలి, నీ బిడ్డల మీద ఒట్టు. ఉడత ఉండెనా?"

సంగిలి తల వంచుకున్నాడు. "ఉడత లేదు మొదలాళి. హారన్ బుడ్డ. డ్రైవరు పక్కన బయటికి ఉంటాది గదా, రబ్బరు బుడ్డ. పోయే బస్సులో దాన్ని కొట్టి పీ అనిపిస్తా చూడరా అనె చిన్న మొదలాళి. తప్పినాది. డ్రైవరు తల వాలినాది. అప్పుడు ఆ మాట అనె."

"సారాయి వాసన అని ఇన్‌స్పెక్టరుకు చెప్పింది ఎవరు?" అన్నాడు పెద్ద మొదలాళి.

సంగిలి చిన్న మొదలాళి వైపు చూశాడు. నోటితో చెప్పాల్సిన పని లేదు. బాలగోపాల రాజా బోదె వెంట జారి నేల మీద కూలబడ్డాడు. గొట్టం కొస అతనితో పాటే దిగింది, కన్ను వదలకుండా.

రామసుబ్రహ్మణ్య రాజా చేతికర్రను మంచానికి ఆనించాడు. తర్వాత పెరియసామి వైపు తిరిగి, బస్సు వదలమని చెప్పినంత మామూలుగా అన్నాడు:

"కాల్చు."

"అన్నా..."

"నా బస్సు. నా డ్రైవరు. నా నోటితో వాణ్ణి తాగుబోతు అంటిని. కాల్చు పెరియసామి. నిన్ను ఎవరూ ఏమీ అనరు. దీంతో సరిపోతాది. నీకూ మా ఇంటికీ మధ్య ఇంగ ఏమీ ఉండదు."

పెరియసామి వేలు బిగిసింది. తోలు గిన్నె వెనక స్ప్రింగు అణిగి కూర్చుని ఉంది. ఇన్నేళ్ళు అడిగింది ఇదే. కొంచెం నొక్కితే చాలు.

కానీ ఆ మాట చెవిలో ముల్లులా గుచ్చుకుంది. సరిపోతాది.

ఎలా సరిపోతుంది? దెబ్బ తగిలిన వెంటనే జీపులో మదురై తీసుకుపోతారు. పెద్ద డాక్టరు, మంచి గది, మదరాసు నుంచి గాజు కన్ను. నాలుగు నెలలు పోతే ఊరు అయ్యో పాపం అంటుంది. ఇంకొన్నాళ్ళకు, తమ్ముడి కన్నయినా సరే వెనకాడని ధర్మాత్ముడు అని పెద్ద మొదలాళి గురించి చెప్పుకుంటుంది. చివరికి ఇది రాజాల కథ అయిపోతుంది. పెరియసామి అందులో తుపాకి పట్టుకున్న చెయ్యి మాత్రమే.

మరి ప్రతి హారనుకూ ఉలిక్కిపడటం? ఏ కిటికీ పక్కన కూర్చున్నా చెయ్యి దానంతట అదే మొహానికి అడ్డం రావడం? ఎవరు, ఎప్పుడు, ఎక్కడినుంచి అని తెలియక బతికిన ఆ ఏళ్ళు? అవి ఇంకా వాళ్ళ ఇంటికి చేరలేదు.

వేలు వదులైంది. గొట్టం మాత్రం దించలేదు.

"కొడతా మొదలాళి," అన్నాడు. "ఈరోజు కాదు."

కింద కూలబడినవాడు తల ఎత్తాడు. "మరి... ఎప్పుడు?"

"అది నాకూ తెలియదు. పొద్దునో, సాయంత్రమో. ఈ ఏడో, పై ఏడో. నేను మీకు చెప్పి కొట్టను. మీరు నాకు చెప్పి కొట్టినారా?" పెరియసామి అప్పుడు పెద్దాయన వైపు చూశాడు. "రెండు కావల్ల నాకు. ఈ ఏర్‌గన్ నా దగ్గర ఉండల్ల. వాసరు మా నాయన కపిల తోలు. రెండోది, మీరు ఏ నోటితో తాగుబోతు అంటిరో ఆ నోటితోనే బస్టాండులో డ్రైవర్లందరి ముందరా చెప్పల్ల."

పెద్ద మొదలాళి తల ఊపాడు.

మాట తప్పలేదు. మర్నాడు బస్సులన్నీ వచ్చి నిలిచే వేళకు వచ్చి, టైమ్‌కీపరు గది మెట్టు మీద నిలబడి, జరిగింది చెప్పి వెళ్ళిపోయాడు. సాయంత్రానికి ఊరంతా పాకింది. అఖిలాండానికీ చేరింది. తొండం పక్కన కోసి ఇచ్చిన చేతిని చూసుకుని, మంచి తోలే ఇచ్చితిని, అంది.

టైమ్‌కీపరు పని ఇస్తామని కబురు వస్తే పెరియసామి వద్దన్నాడు. చిన్న మొదలాళి ఇంటి నుంచి మిల్లుకు పోవాలంటే పాత బస్టాండు సందు మలుపు తిరగక తప్పదు. ఆ మలుపులోనే ఉంది కొట్టు. అతనికి అక్కడే కూర్చోవాలని ఉంది.

ఏర్‌గన్‌ను లోపలి గోడకు రెండు మేకుల మీద తగిలించాడు, గొట్టం వీధి వైపు ఉండేలా. ఏమీ చెయ్యలేదు. జీపు వస్తే స్టవ్వు మీంచి తల ఎత్తేవాడు, పోయేదాకా చూసేవాడు, మళ్ళీ తల వంచుకునేవాడు. అంతే.

కొన్నాళ్ళకు చిన్న మొదలాళి నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. తర్వాత జీపులో కొట్టుకు దూరంగా ఉండే పక్కకు మారాడు. ఆ తర్వాత జీపుకు తెరలు కట్టించాడు. బస్టాండులో టైరు పేలిన రోజు, మిల్లు వాకిట్లో జనం ముందే రెండు చేతులూ కళ్ళకు కప్పుకుని చతికిలబడ్డాడని మునియసామి వచ్చి చెప్పాడు. రంగమ్మాళ్ ఆ రాత్రి కూరలో కొబ్బరి ఎక్కువ వేసింది. మామిడి తోటకు చిన్న మొదలాళి పోవడమే మానేశాడు. చిలకలు పండగ చేసుకున్నాయి.

పై ఏడు పూత రాలే రోజుల్లో సంగిలి వచ్చి కొట్టు ముందు చతికిలబడ్డాడు. గోడ మీది తుపాకిని చూశాడు.

"మొదలాళి సరిగా తినడంలే అన్నాచ్చి. నిద్రా లేదు. నన్ను పంపినాడు. నిన్ను బలవంతం చెయ్యవద్దన్నాడు, ఒక మాట మాత్రం అడిగి రమ్మన్నాడు."

"అడుగు."

"ఆ తోలు ఇప్పటికి ఎండిపోయి ఉంటాది గదా అని. మొదటి వాసరు మాదిరి. వాడకుండా ఉంటే ఎండి పొడి అయిపోతాది గదా అని అడగమన్నాడు."

పెరియసామి చేతిలో పని పక్కన పెట్టాడు. లేచి, చిన్న సీసా ఒకటి తీసి, వెలుతురుకు ఎత్తి సంగిలికి చూపించాడు. అందులో చిక్కగా, పచ్చగా ఆముదం.

"వారం వారం పోస్తుండానని చెప్పు."